ట్రక్కు మోయాల్సిన బరువు

గ్లెండైవ్, మోంటానా
ఆగస్టు 3, 2012

వెర్లిన్ అన్నయ్యా,

నిలబడి చదువుతుంటే ముందు కూర్చో. నేను ఇంటిబండి కొనేశాను.

ఎవర్నీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. బిల్లింగ్స్ వెళ్ళి సంతకం పెట్టేసి వచ్చాను. ఫిఫ్త్ వీల్! నేనూ హార్లన్ ప్రతి చలికాలం పొయ్యి దగ్గర కూర్చుని కాటలాగుల్లో చూసుకుని, "వచ్చే ఏడు" అని మూసేసేవాళ్ళమే, అచ్చం అలాంటిది. ట్రక్కు వెనక బంపరుకి తగిలించే రకం కాదు. మెడ చాచి ట్రక్కు తొట్టి మీదికెక్కి, తొట్టి మధ్యలో బిగించే ఇనప పట్టు, దాన్నే హిచ్చు అంటారు, దాని మీద ఆనుకుని కూర్చుంటుంది. పడకగది ఆ మెడ మీదే. వంటగది కిటికీ నా ఇంట్లో కిటికీ కంటే పెద్దది. నిన్న రాత్రి పెరట్లో దాంట్లోనే పడుకున్నాను. వాన పడితే పైకప్పు మీద చప్పుడు వింటూ పొద్దుపోయేదాకా మెలకువగానే ఉన్నాను.

అక్టోబరులో మంచు మొదలవకముందే బయల్దేరి అరిజోనా ఎడారికి, క్వార్ట్‌జ్‌సైట్‌కి పోతున్నాను. రాళ్ళపిచ్చి ఉన్నవాళ్ళంతా చలికాలం అక్కడే కదా. అక్కడికి ఏటా వెళ్ళే నా స్నేహితురాలు డార్లీన్ తన బండి పక్కన నాకు చోటు పట్టి ఉంచుతానంది. నేనూ హార్లన్ ఎల్లోస్టోన్ నది ఒడ్డున ఏళ్ళతరబడి ఏరిన రంగు చారల అగేట్ రాళ్ళు గరాజులో బకెట్లకు బకెట్లు మూలుగుతున్నాయి. వాటిని తీసుకెళ్ళి, కోసి, మెరుగుపెట్టి, బల్ల మీద పరుచుకుని కూర్చుంటాను. హార్లన్ పోయాక పొద్దున్నే లేవాలని నాకు అనిపించడం ఇదే మొదటిసారి అన్నయ్యా. కాళ్ళు నేల మీద ఆనడం లేదు.

ట్రక్కంటావా, హార్లన్ ట్రక్కు ఉండనే ఉంది. బండి అమ్మినతను దాన్ని చూసి, సుఖంగా లాగుతుందమ్మా, ఇంకా శక్తి మిగులుతుంది అన్నాడు. నువ్వు జీవితమంతా పశువుల లారీ తోలినవాడివి, ఏమేం జాగ్రత్తలు తీసుకోవాలో రాయి. ఫోన్ మాత్రం చెయ్యకు. నువ్వు "ఆఁ? ఆఁ?" అంటావు, నేను అరుస్తాను, మనిద్దరం కొట్టుకుంటున్నామని పక్కింటివాళ్ళు కంగారుపడతారు.

దారిలో నీ గుమ్మం ముందు బండి ఆపి కాఫీ తాగుతాను. కాఫీ చిక్కగా కాచి ఉంచు.

నీ చెల్లెలు
ఆర్డిస్


పోకటెల్లో, ఐడహో
ఆగస్టు 10

ఆర్డిస్,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి సంతోషం వేసింది. రెండోసారి భయం వేసింది.

లాగడం వేరు, మోయడం వేరు. అమ్మేవాడు లాగడం గురించి చెప్తాడు, మోయడం గురించి నువ్వు అడిగితే తప్ప చెప్పడు. చక్రాల మీద దొర్లే బండిని లాగడానికి ఇంజనుంది. కానీ ఫిఫ్త్ వీల్ తన బరువులో అయిదో వంతు తీసుకొచ్చి నీ ట్రక్కు తొట్టిలో పెడుతుంది. మెడ కింద ఉన్న ఇనప పిన్ను సరిగ్గా వెనక ఇరుసు మీద కూర్చుంటుంది. ఆ బరువంతా నీ కమానుకట్టలూ టైర్లూ మోయాలి. అదీ అసలు లెక్క.

కాబట్టి డ్రైవరు తలుపు తెరువు. తలుపు మూసుకునే చోట స్తంభానికి ఒక చీటీ అంటించి ఉంటుంది. మనుషులూ సామానూ అంతా కలిపి ఇంతకు మించకూడదని దాని మీద ఒక అంకె ఉంటుంది. అది రాసి పంపు. తొట్టిలో బిగించే హిచ్చు బరువెంతో రాయి. నీ బరువెంతో రాయి. నిజం రాయి.

ఆ ట్రక్కు చాలదని నా అనుమానం.

ఇక్కడ టమాటాలు విరగకాశాయి. నోర్మా నన్ను శుక్రవారం సంతకి తీసుకెళ్ళింది, మొక్కజొన్న కంకులు తెచ్చుకున్నాను.

వెర్లిన్


గ్లెండైవ్
ఆగస్టు 17

అన్నయ్యా,

మొగుడు పోయి ఏడాది తిరగని చెల్లెలు నోరు తెరిచి ఒక సంతోషం చెప్పుకుంటే, "నీ బరువెంత" అని ఎదురు అడిగే అన్న ఈ మోంటానా ఐడహో రెండింట్లోనూ నువ్వొక్కడివే. చెప్పను. డాక్టరుకే చెప్పను, నీకు చెప్తానా?

పైగా అంతంత లావు అక్షరాలేమిటి? నల్లసిరా ముద్దలు ముద్దలుగా, గీత దాటి ఏటవాలుగా. ఉత్తరంలో కూడా నా మీద అరుస్తున్నట్టే ఉంది. నేనేమైనా చెవిటిదాన్నా?

సరే, అడిగావు కాబట్టి చీటీ చూశాను. పదిహేనువందల ఎనభై పౌన్లు. బండి పుస్తకంలో పిన్ను బరువు పదమూడువందల యాభై అని ఉంది. చాలుతుంది కదా? లెక్క సరిపోయింది, నా మొహాన ఇంకా నవ్వు ఉంది.

ఒక్కమాట మాత్రం గుచ్చుకుంది. "ఆ ట్రక్కు చాలదు." హార్లన్‌ది ఏదీ నీ కంటికి ఎప్పుడూ ఆనలేదు. ఆయన పడవ చిన్నది, ఆయన పెరడు చిన్నది, ఆయన చేపలు మరీ చిన్నవి. ఆయన పోయాక కూడా ఆయన ట్రక్కుని వదలవా? దాని సీట్లో ఇప్పటికీ ఆయన వాసన ఉంది. ఆయన టోపీ ఇంకా డాష్‌బోర్డు మీదే ఉంది, నేను తియ్యలేదు.

ఇంతకీ ఈ నోర్మా ఎవరు? సంతలకి తీసుకెళ్తోందా? నాకు ఒక్కమాట చెప్పలేదు చూడు, దొంగ.

ఆర్డిస్


పోకటెల్లో
ఆగస్టు 25

ఆర్డిస్,

నీ మీద అరవలేదు. ఆ పెన్ను అంతే.

హార్లన్ని నేను ఏనాడూ తక్కువ చెయ్యలేదు. ఏడిపించాను, అంతే. వాడూ నన్ను ఏడిపించాడు. వాడు ఆ ట్రక్కు కొన్నది చేపలకీ, కిరాణాకీ, నీ రాళ్ళకీ. దాంతో ఇల్లు లాగుతానని వాడు ఏనాడూ అనలేదు. ఆ కాటలాగులు చూసిన ప్రతిసారీ "ముందు పెద్ద ట్రక్కు కావాలి" అనేవాడని నువ్వే నాకు రాశావు, గుర్తు తెచ్చుకో.

పుస్తకంలో పదమూడువందల యాభై అన్నది ఖాళీ ఇంటి బరువు. పళ్ళెం లేదు, దుప్పటి లేదు, నీళ్ళు లేవు, గ్యాసు సిలిండరు లేదు. ఖాళీ ఇంట్లో కాపురం చేస్తావా? సామాను సర్దాక పిన్ను రెండు వేలకి తక్కువ ఉండదు. దాని మీద హిచ్చు, దాని మీద నువ్వు, నీ కాఫీ ఫ్లాస్కు. నీ పదిహేనువందల ఎనభై ఎప్పుడో మునిగిపోయింది.

ఆ ట్రక్కు అమ్మెయ్. నా ట్రక్కు తీసుకో. పేరుకే ఒక టన్నుది, మోసేది అంతకు రెట్టింపు, వెనక ఇరుసుకి నాలుగు టైర్లు, ఊరికే షెడ్డులో పడి ఉంది. అది మీ ఇల్లు మోసి ఇంకా మోస్తుంది.

నోర్మా సంగతి నీకెందుకు? మంగళవారం, శుక్రవారం వస్తుంది. అంతే.

వెర్లిన్


గ్లెండైవ్
సెప్టెంబరు 4

అన్నయ్యా,

మంగళవారం, శుక్రవారమట. అంతేనట. డార్లీన్‌కి చదివి వినిపిస్తే కడుపు చెక్కలయ్యేలా నవ్వింది. ఆవిడ వయసెంతో, బరువెంతో నేను మాత్రం అడగనులే.

ట్రక్కు అమ్మెయ్ అన్నావే, ఎంత తేలిగ్గా అన్నావు. నీ ట్రక్కు ఊరికే పడి ఉంటే నువ్వెందుకు ఎక్కడం లేదు? నాకు దానం అక్కర్లేదు. నేను వెళ్తే హార్లన్ ట్రక్కులోనే వెళ్తాను.

పైగా విను, నిన్న బండి తగిలించుకుని మైల్స్ సిటీ దాకా వెళ్ళొచ్చాను. నేనే, ఒక్కదాన్నే! అబ్బ, ఏం చెప్పను. ట్రక్కు వెనక కొంచెం కుంగినట్టుంది, అది మామూలేనట. స్టీరింగు ఎంత తేలికో! వేలితో తిప్పొచ్చు, చేతుల్లో తేలిపోయింది. హార్లన్ ఉన్నప్పుడు ఇంత తేలిగ్గా ఎప్పుడూ తిరగలేదు. తిరిగొచ్చేటప్పుడు చీకటిపడింది. ఎదురొచ్చిన ప్రతివాడూ లైట్లు కొట్టి పలకరించాడు. ఇంటిబండి వాళ్ళంతా ఒక కుటుంబం అని డార్లీన్ అంటే ఏమో అనుకున్నా. కళ్ళనీళ్ళు తిరిగాయి, నేనూ తిరిగి లైట్లు కొట్టాను.

సామానంతా సర్దేశాను కూడా. మెడ కింద, ముందు వైపు పెద్ద అర ఉంది, దాని తలుపు ఎంత పెద్దదో. అగేట్ బకెట్లన్నీ దాంట్లోనే పట్టేశాయి, కొలిచి చేసినట్టు. ఎడారి నీళ్ళతో కాఫీ బాగుండదని మన ఊరి నీళ్ళే ట్యాంకు నిండా పట్టుకున్నాను.

అక్టోబరు మొదట్లో బయల్దేరతాను. నువ్వు సంతోషిస్తే సంతోషించు.

ఆర్డిస్


పోకటెల్లో
సెప్టెంబరు 9

ఆర్డిస్, తల్లీ,

బండి కదపకు. ఈ ఉత్తరం పూర్తయ్యేలోపు ఎక్కడికీ కదపకు.

వాళ్ళు పలకరించలేదు. వెనక కుంగి నీ ట్రక్కు ముక్కు పైకి లేచింది. నీ లైట్లు రోడ్డు మీద కాకుండా ఎదురొచ్చేవాళ్ళ కళ్ళలో కొట్టాయి. తగ్గించమ్మా అని వాళ్ళు మొత్తుకుంటే నువ్వు తిరిగి లైట్లు కొట్టావు.

స్టీరింగు తేలికైంది ముందు చక్రాలు రోడ్డుని గట్టిగా పట్టుకోలేకపోతున్నాయి కాబట్టి. తడి రోడ్డు మీద, మలుపులో, అవి నువ్వు తిప్పిన వైపు తిరగవు.

ఇక ఆ బకెట్లు. మెడ కింద అరలో పెట్టిన బరువు దాదాపుగా పిన్ను మీదే పడుతుంది. నీ బండి మొత్తంలో రాళ్ళు పెట్టకూడని చోటు ఒక్కటుంటే అది అదే, వెతికి వెతికి అక్కడే పెట్టావు. తీసెయ్. అలాగని తీసుకెళ్ళి తోకలో పెట్టకు. అప్పుడు పిన్ను మరీ తేలికై బండి తోక ఊపుతుంది. ఇరుసులకి అటూ ఇటూ, నేల మీద పరుచు. నీళ్ళు వదిలెయ్. ఎడారిలో కూడా మనుషులు కాఫీ తాగుతారు.

మొనైడా కనుమ దిగుతూ ఇలాంటి బండి ఒకటి నా కళ్ళముందే లోయలోకి వెళ్ళిపోవడం చూశాను. వెనక్కి చూసుకోవడానికి వాళ్ళకి టైము దొరకలేదు. ఇంతకంటే రాయను.

నా మాట నమ్మక్కర్లేదు. మీ ఊళ్ళో గోధుమలు నిల్వచేసే ఎలివేటరు దగ్గర లారీలు తూచే వేబ్రిడ్జి ఉంది. కోతలు అయిపోయాయి, ఖాళీగానే ఉంటారు. మొదట ట్రక్కు ఒక్కదాన్నే తూయించు, నువ్వు లోపలుండగా. తర్వాత బండి తగిలించి, ట్రక్కు చక్రాలు మాత్రమే పళ్ళెం మీదుండేలా ఆపి తూయించు. ఆ రెంటికీ తేడాయే పిన్ను బరువు. ఒక్కసారి చెయ్యి. నాకు మిగిలింది నువ్వొక్కదానివే.

నేనే వచ్చి చూసేవాణ్ణి. వీలు కాదు.

వెర్లిన్


గ్లెండైవ్
సెప్టెంబరు 18

అన్నయ్యా,

వీలు కాదట. ఒక్కరోజు దారి. చెల్లెలు చస్తుందేమోనని భయమట, వచ్చి చూడ్డానికి మాత్రం వీలు కాదట. మంగళవారం, శుక్రవారం పని ఉంటుంది కాబోలు. నాకు ఎంత కోపం వచ్చిందో తెలుసా? ఆ కోపంతోనే, నీది తప్పని నిరూపిద్దామనే, ఎలివేటరుకి వెళ్ళాను.

అక్కడ ఉండే మనిషి హార్లన్‌తో బౌలింగు ఆడేవాడు. బండి కొత్తది చూసి ఈల వేశాడు. మొదట ట్రక్కు తూచాడు. తర్వాత నేను బండి తగిలించుకొచ్చి పళ్ళెం మీద ఆపాను. ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి, "ఆర్డిస్, ఇందులో ఏం మోస్తున్నావమ్మా, ఇంకో ట్రక్కునా?" అన్నాడు.

పిన్ను ఒక్కటే రెండువేల నాలుగొందలు. పదిహేనువందల ఎనభై అన్న చీటీ నా మోచేతి పక్కనే ఉంది. డాష్‌బోర్డు మీద హార్లన్ టోపీ ఉంది. దాన్ని చూస్తూ కూర్చుని ఏడ్చాను. ఏడుస్తుంటే ఆయన వచ్చి, వెనక ఇంకెవరూ లేరులే, నింపాదిగా ఏడువు అన్నాడు.

ఇంటికొచ్చి బకెట్లన్నీ దించాను. నీళ్ళు వదిలేశాను. నువ్వు చెప్పినట్టే బకెట్లు ఇరుసుల దగ్గర పరిచి మళ్ళీ తూయించాను. రెండువేల కింద నిలబడింది. అయినా చాలదు. నా బరువు నూట అరవై ఎనిమిది. ఇదిగో రాశాను. నేను ఏమీ తినకపోయినా చాలదు.

ట్రక్కు చాలదు అన్నయ్యా. ఇది కూడా రాశాను, నీ చేతికిచ్చేశాను. బండి తిరిగి అమ్మేస్తాను. డార్లీన్‌కి రానని చెప్పాలి, ఇంకా చెప్పలేదు, నోరు రావడం లేదు. మొనైడా కనుమలో నువ్వు చూసింది నన్ను పడుకోనివ్వడం లేదు. నువ్వు చెప్పకపోతే నేను ఆ కనుమ దిగేదాన్ని.

కానీ ఒక్కటి అడుగుతాను. నువ్వెందుకు రాలేదు? నిజం రాయి.

ఆర్డిస్


పోకటెల్లో
సెప్టెంబరు 25

ఆర్డిస్ తల్లీ,

డార్లీన్‌కి ఏమీ చెప్పకు. బండి అమ్మకు.

నిజం రాయమన్నావు. ఏప్రిల్లో నా లైసెన్సు తీసేసుకున్నారు. కళ్ళు. నేరుగా చూస్తే మధ్యలో మసక మచ్చ, అంచుల్లో బాగానే కనపడుతుంది. నీ ఉత్తరాలు బల్లకి బిగించిన పెద్ద భూతద్దం కింద పెట్టుకుని ఒక్కో మాట చదువుతాను. ఆ లావు పెన్ను కోపం కాదు. నేను రాసింది నాకు కనపడాలంటే అంత లావు రాయాలి. గీతలు ఎందుకు తప్పుతున్నాయో ఇప్పుడు తెలిసిందిగా.

నోర్మాకి డెబ్బై తొమ్మిదేళ్ళు. చర్చి తరఫున నన్నూ ఇంకో ఇద్దరు ముసలాళ్ళనీ మంగళవారం డాక్టరు దగ్గరికి, శుక్రవారం సరుకులకి తిప్పుతుంది. దారిలో మలుపుకి మైలు ముందే ఇండికేటరు వేసి, మలుపు పోయిన మైలుకి తీస్తుంది. నలభై మైళ్ళు దాటదు. పక్క సీట్లో కూర్చుని నోరు మూసుకోవడం నా వల్ల కావడం లేదు. ఇంత బతుకూ స్టీరింగు పట్టుకున్నవాణ్ణి, నీకు చెప్పడానికి సిగ్గేసింది.

నా ట్రక్కు దానం కాదు. ప్రతి శనివారం షెడ్డులో దాన్ని స్టార్టు చేసి, సీట్లో కూర్చుని, ఇంజను విని, ఆపేసి ఇంట్లోకొస్తాను. అది నన్ను చూసి ఏమనుకుంటుందో. దాని చీటీ మీద నాలుగువేల ఏడొందలుంది, నోర్మా చేత చదివించాను. టైర్లు కొత్తవి. బండి బ్రేకులు కలిపే మీట కూడా బిగించే ఉంది. నా తొట్టి నీ ట్రక్కు కంటే ఎత్తు, అంచేత మెడ దగ్గర బోల్టులు ఒక రంధ్రం మార్చి బండి సమంగా నిలిచేలా చూసుకో. ముక్కు ఎత్తి నడిపితే వెనక ఇరుసు మీద భారం ఎక్కువవుతుంది.

తీసుకెళ్ళు. నీకు ట్రక్కు లేదు, దానికి డ్రైవరు లేడు. నన్ను మాత్రం పిలవకు. ఎడారిలో రాళ్ళు చూడ్డానికి వచ్చి నేనేం చూస్తాను?

వెర్లిన్


గ్లెండైవ్
అక్టోబరు 1

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి మొదట నోర్మాకి క్షమాపణ చెప్పుకున్నాను. తర్వాత నిన్ను తిట్టుకున్నాను. ఏప్రిల్ నుంచీ చీకట్లో కూర్చుని, నా లైట్లు ఎక్కడ పడుతున్నాయో నాకు చెప్తున్నావా? తర్వాత వంటింట్లో నిలబడి గట్టిగా ఏడ్చాను. ఇప్పుడు అయిపోయింది. ఇప్పుడు నాకు ఎంత ఉత్సాహంగా ఉందో చెప్పలేను, పెన్ను చేతిలో ఆగడం లేదు.

విను. హార్లన్ ట్రక్కు అమ్మను. బండి తగిలించకుండా, తొట్టిలో ఆ హిచ్చు ఒక్కటే వేసుకుని, దాంట్లో నీ దగ్గరికి వస్తాను. అంత బరువు దానికి సంతోషంగా సరిపోతుంది. ఆయన అందుకే కొన్నాడు. వచ్చి దాన్ని నీ షెడ్డులో పెట్టేస్తాను, టోపీ తీసి నాతో ఉంచుకుంటాను. హిచ్చు నీ ట్రక్కులోకి మార్పిస్తాం. అందులో ఇక్కడికొచ్చి, బండి తగిలించి, మళ్ళీ ఎలివేటరులో తూయించి, బకెట్లు సర్ది, అప్పుడు దక్షిణానికి.

చూశావా, "మార్పిస్తాం" అని రాశాను.

నువ్వేం చూస్తావని అడిగావు. అగేట్‌ని చూడ్డం ఎప్పుడైనా కళ్ళతో మొదలైందా? నదిలో నీళ్ళలోంచి తీసి, బొటనవేలితో తడిమి, పైన కరుకుపొరలో గుంట దొరికితే అప్పుడు ఎండకి ఎత్తి పట్టుకుంటాం. తడమడం నీకు వచ్చు. ఎండకి పట్టుకుని అంచులోంచి చూడు, నీ అంచులు బాగానే ఉన్నాయిగా. మిగతాది నేను చెప్తాను.

కనుమల్లో మాత్రం నువ్వు పక్కనుండాలి. ఏ గేరులో దిగాలో, ఇంజను ఎప్పుడు ఏడుస్తోందో నాకు తెలియదు. నీకు చెవులు వినపడకపోయినా సీట్లోంచి తెలిసిపోతుంది. నేను నలభై దాటి నడుపుతాను, మలుపు రాకముందు ఇండికేటరు వేస్తాను, మలుపులో తీస్తాను.

నీ ట్రక్కుకి లెక్క వేశాను, నువ్వు నేర్పినట్టే. పిన్ను, హిచ్చు, నా నూట అరవై ఎనిమిది, హార్లన్ టోపీ, కాఫీ ఫ్లాస్కు. అన్నీ పోను బోలెడంత మిగిలింది. ఒక్క అంకె ఖాళీగా ఉంది. అది లేకుండా నేను బయల్దేరను.

నీ బరువెంత? నిజం రాయి.

ఆర్డిస్


పోకటెల్లో
అక్టోబరు 6

ఆర్డిస్,

నోర్మా వాళ్ళింట్లో కాటా మీద నిలబడి ఆవిడ చేత చదివించాను. రెండువందల పన్నెండు.

బూట్లతో, పెద్ద కోటుతో కలిపి. పొద్దున్నే బయల్దేరతాం కాబట్టి చలిగా ఉంటుంది. పెట్టె విడిగా తూచాను, ముప్పై ఒకటి. దాంట్లో భూతద్దం ఉంది. లెక్కలో కలుపుకో.

వెర్లిన్ అన్నయ్య